20, 23, 30 ఎం.ఎం. విమాన ఫిరంగి కేసులు: కొలతలతో గుర్తుపట్టడం (మూడు పీసులు, సాయం కావాలి)

#1 · కపిలతీర్థం (తిరుపతి)
అన్నలారా, మూడు పీసులు ఉండాయి. ఏవేవో చెప్పండి. కొలతలు మి.మీ.లో.

ఒకటోది ఇత్తడి ఖాళీ కేసు (తూటాలో మందు నింపే గొట్టం). పొడుగు 110, అడుగున లావు 24.9. అడుగున అక్షరాలు అరిగిపోయినాయి, చదవలేకపోతాండా. అమ్మినాయన 'స్పిట్‌ఫైర్ విమానంది' అన్నాడు.

రెండోది ముదురు ఆకుపచ్చ లక్క పూత పూసిన ఖాళీ కేసు. అయస్కాంతం అంటుకుంటాది. పొడుగు 115, అడుగు 27. పక్కన నల్ల సిరాతో ఏవో అచ్చులు, మధ్యలో 3 అంకె ఉన్నట్టుండాది.

మూడోది గుండుతో సహా పూర్తి పీసు. మొత్తం పొడుగు 20 సెం.మీ.కి కొంచెం తక్కువ. గుండు వ్యాసం 30, రంగు నీలం. కేసుకు అయస్కాంతం అంటుకుంటాది. అడుగున ప్రైమరు (మందును రాజేసే బిళ్ల) మీద సుత్తి దెబ్బ లేదు. నీలం అంటే ప్రాక్టీసుది కదా, భయం లేదు కదా?

ఇంకోటి, ఇత్తడిని చింతపండుతో తోమితే ఏమన్నా అయితాదా?

#2 · వేదిక నిర్వాహకుడు
మూడోదాన్ని ఉన్నచోటే ఉంచండి. ఊపడం, తిప్పడం, ఇంకో గదిలోకి మార్చడం, అన్నీ ఆపేయండి. ఫొటోలు ఇప్పటికే ఉంటే పెట్టండి. కొత్తగా తీయాలంటే దాన్ని కదిలించకుండా, జూమ్ పెట్టి దూరం నుంచి తీయండి. మిగతా రెండూ ఖాళీ కేసులు కాబట్టి వాటి సంగతి తీరిగ్గా చూద్దాం.

#3 · గాలిపటం (పలమనేరు)
ఒకటోది ఇంకేముంది, 20×110 (గుండు వ్యాసం × కేసు పొడుగు), హిస్పానో ఫిరంగిది. స్పిట్‌ఫైర్, టెంపెస్ట్, వాంపైర్, తూఫానీ, కాన్‌బెర్రా బి(ఐ)58 గన్‌ప్యాక్, నేవీ సీహాక్, అన్నిట్లోనూ ఇదే తూటా. అమ్మినాయన నిజమే చెప్పాడు. శుభాకాంక్షలు.

#4 · వెర్నియర్ స్వామి (చిత్తూరు)
తొందరపడకు గాలిపటం. 110 ఒక్కటి చూసి తీర్పు చెప్తే బోల్తా పడతాం.

కపిలతీర్థం గారూ, మీరు 'అడుగున లావు' అని రాసింది దేని కొలత? కేసు అడుగున గోరు దూరేంత గాడి ఉంటుంది. తుపాకీలోని కొక్కెం పట్టుకునేది దాన్నే. ఆ గాడికి కింద ఉండే పళ్లెం అంచు వ్యాసం ఒకటి, గాడికి పైన ఒంటి వ్యాసం ఇంకొకటి. రెండూ విడివిడిగా కావాలి. వెర్నియర్ దవడలు పళ్లెం అంచుకే తగలాలి, ఒంటికి ఆనకూడదు. మూడు చోట్ల తిప్పి కొలిచి పెద్ద అంకె తీసుకోండి. పాత కేసుల అంచు బయటికి ఎగిరినప్పుడు దెబ్బలు తిని సొట్టపడి ఉంటుంది.

అలాగే కేసును దీపం ముందు పక్కకు పట్టి చూడండి. మూతి దగ్గరికి వచ్చేసరికి సీసా మెడలాగా భుజం దిగిందా, లేక అడుగు నుంచి మూతి దాకా సన్నగా తగ్గుతూ పోయిందా? పొడుగు కొలిచేది మూతి అంచు నుంచి అడుగు దాకా. మూతి చిట్లి ఉంటే చిట్లని వైపు కొలవండి. పువ్వుల కూజా చేయడానికి మూతి కోసేసిన కేసులు మార్కెట్లో బోలెడు, వాటికి పొడుగు పనికిరాదు, అడుగే ఆధారం.

#5 · కపిలతీర్థం
మళ్లీ కొలిచినా. పళ్లెం అంచు 22కి కొంచెం అటూఇటూ. గాడి పైన ఒళ్లు 24.9. భుజం లేదన్నా, కొవ్వొత్తి మాదిరి సన్నగా పోతాది.

#6 · వెర్నియర్ స్వామి
అయితే అది స్పిట్‌ఫైర్‌ది కాదు, అసలు విమానంది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. 20×110 ఆర్‌బి (పళ్లెం ఒంటికన్నా చిన్నది) అది, ఓర్లికాన్ ఎస్ రకం. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల మీద, నేల మీద విమానాల్ని కొట్టడానికి పెట్టిన ఫిరంగి. రాయల్ ఇండియన్ నేవీ ఓడల మీదా ఉండేవి.

హిస్పానోకూ దీనికీ పొడుగు ఒకటే, ఒంటి లావూ దాదాపు ఒకటే. అందుకే అందరూ పొరబడతారు. తేడా రెండు చోట్ల. హిస్పానో పళ్లెం ఒంటితో సమానం, 24.7 చుట్టుపక్కల, మెడ దగ్గర స్పష్టంగా భుజం ఉంటుంది. ఓర్లికాన్ పళ్లెం ఒంటికన్నా సుమారు 3 మి.మీ. చిన్నది, భుజం ఉండదు.

కారణం తెలిస్తే మర్చిపోరు. ఓర్లికాన్‌లో బ్రీచ్‌కు (గొట్టం వెనక మూతకు) తాళం లేదు. బరువైన బోల్టు ముందుకు పరుగెత్తుతుండగానే ప్రైమరు పేలుతుంది, ఆ వేగమే వెనక్కి తన్నే ఒత్తిడిని ఆపుతుంది. అంటే పేలేటప్పుడు కేసు చాంబర్‌లో (గొట్టంలో తూటా కూర్చునే చోట) కదులుతూనే ఉంటుంది. బోల్టు మొహం, దాని కొక్కెం కూడా కేసు వెంట చాంబర్ లోపలికి దూరాలి, కాబట్టి పళ్లెం ఒంటికన్నా చిన్నగా ఉండాలి. కదిలే కేసుకు భుజం పనికిరాదు. తూటాలకు గ్రీజు పూసి ఎక్కించేదీ ఇందుకే. జర్మన్ల ఎంజీ ఎఫ్ఎఫ్ (20×80 ఆర్‌బి), జపాన్ జీరో విమానం మొదటి రకాల ఫిరంగి (20×72 ఆర్‌బి) ఇదే కుటుంబం. అవి మాత్రం విమానాలవే, కేసు పొట్టి.

#7 · గాలిపటం
ఒప్పుకుంటున్నా, పళ్లెం సంగతి చూడలేదు. ఇంకో చిక్కు కూడా చెప్తా. అమెరికా నేవీ మార్క్ 12 ఫిరంగిదీ 20×110 అనే రాస్తారు, కానీ అది హిస్పానోతో మార్చుకోదగ్గది కాదు, దాని ప్రైమరు కరెంటుతో పేలేది. 20×102 అయితే వేరే కథ: పళ్లెం 29.5, చూడగానే పొట్టిగా దుబ్బుగా ఉంటుంది. వల్కన్ ఫిరంగి, ఎఫ్-104 స్టార్‌ఫైటర్, ఎఫ్-16. దాన్ని హిస్పానో అనుకోవడానికి కళ్లు మూసుకోవాలి.

#8 · రేణిగుంట లూప్‌లైన్
రెండోది నేను చెప్తా. 115 పొడుగు, 27 పళ్లెం, ఉక్కు, లక్క పూత: 23×115, రష్యా రకం. ఎన్ఎస్-23 ఫిరంగితో మొదలై ఎన్ఆర్-23, జీఎస్‌హెచ్-23 దాకా ఇదే తూటా.

'మిగ్-21ది' అని అమ్ముతారు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు పలికాక ఆ పేరు చెప్పి ధర రెండింతలు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కేసు ఒక్కటి చూసి అది మిగ్-21 నుంచి వచ్చిందని ఎవరూ చెప్పలేరు. మిగ్-23లోనూ జీఎస్‌హెచ్-23యే. మన తేజస్‌లోనూ అదే. మిగ్-21లో కూడా అన్ని రకాలకూ లోపల ఫిరంగి లేదు. ఎఫ్ఎల్ రకం ఫిరంగి లేకుండా వచ్చింది, 1971 నాటికి దాని పొట్ట కింద జీపీ-9 పాడ్ (ఫిరంగి ఉన్న డబ్బా) తగిలించారు. బైసన్‌గా మారిన బిస్ రకానికి లోపలే జీఎస్‌హెచ్-23ఎల్, 200 తూటాలు.

ఇక సిరా అచ్చులు. 3 లాగా కనిపించేది అంకె కాదు. రష్యన్ లిపిలో అది 'జ' ధ్వని, 'నిప్పంటించేది' అనే మాటకు మొదటి అక్షరం. సున్నా, నిలువు గీత గుచ్చిన సున్నా, 3, ఈ వరుస కనిపిస్తే 'ఓఎఫ్‌జడ్': పేలి ముక్కలయ్యి నిప్పంటించే గుండు. చివర ఇంగ్లీషు టీ లాంటిది చేరితే వెలుగు గీత కూడా గీస్తుంది. 6 అంకెను నలుచదరంగా రాసినట్టుండే అక్షరం, తర్వాత 3, తర్వాత టీ ఉంటే 'బీజడ్‌టీ': కవచం చీల్చి, నిప్పంటించి, వెలుగు చూపేది. గీతల మధ్య ఉన్న రెండంకెలు మామూలుగా సంవత్సరం. మందు రకం, లాటు సంఖ్య వేరే వరుసలో ఉంటాయి.

ఆ సిరా మీద తడిగుడ్డ కూడా పెట్టొద్దు. సగం విలువ ఆ అచ్చుల్లోనే ఉంది.

#9 · గుర్రంకొండ గుండు
అన్నా, జడ్‌యూ-23 అని ఆర్మీలో జంట గొట్టాల ఫిరంగి ఉందే, అదీ 23యే కదా? దానిది కాదని ఎట్ల తెలుస్తాది?

#10 · రేణిగుంట లూప్‌లైన్
మంచి ప్రశ్న. గొట్టం లావు ఒకటే, కేసు వేరు. జడ్‌యూ-23ది 23×152బి. కేసు 152 పొడుగు, పళ్లెం 33, గాడికి పైన ఉబ్బిన కట్టు ఉంటుంది. మందు ఎక్కువ, గుండు సెకనుకు 970 మీటర్ల వేగంతో పోతుంది. 115 కేసుది 700 చిల్లర. గుండు మాత్రమే విడిగా దొరికితే గందరగోళం. కేసు చేతిలో ఉంటే గందరగోళానికి చోటే లేదు.

ఇందులో ఇంకో సూక్ష్మం ఉంది. ఇల్-2 విమానంలో ఉన్న వీవైఏ ఫిరంగి కేసు కూడా 23×152బి కొలతే, కానీ ఇత్తడి, ప్రైమరు వేరు. జడ్‌యూ-23ది ఉక్కు. కొలత కలిసినా ఒకదానిది ఇంకొకదాంట్లో వాడరు. కాబట్టి 152 ఇత్తడి కేసు కనిపిస్తే మాత్రం వదలొద్దు.

#11 · గుర్రంకొండ గుండు
'బి' అంటే ఏందన్నా? తూటాలు గుచ్చిన బెల్టా?

#12 · వెర్నియర్ స్వామి
కాదు. బెల్టెడ్ అని. కేసు అడుగు దగ్గర, గాడికి పైన నడుం చుట్టూ మొలతాడు కట్టినట్టు ఉబ్బిన లోహపు పట్టీ. చాంబర్‌లో కేసు ఎంత లోపలికి దిగాలో ఆ పట్టీ నిర్ణయిస్తుంది. 'ఆర్' అంటే పళ్లెం ఒంటికన్నా పెద్దది, 'ఆర్‌బి' అంటే చిన్నది. ఏ అక్షరమూ లేకపోతే రెండూ సమానం.

మూడో పీసుకు వద్దాం. 30 గుండు, మొత్తం 20 సెం.మీ. లోపు అంటే 30×113బి తప్ప వేరేది కావడం కష్టం. కట్టు ఉందా, పళ్లెం 33 చిల్లర ఉందా అన్నది దాన్ని ముట్టుకుని కొలవొద్దు. ఫొటోలో పక్కన స్కేలు ఉంటే నేనే లెక్కేస్తా.

ఈ ఒక్క కేసు మన వైమానిక దళంలో ఎన్ని చోట్ల ఉందో చూడండి. హంటర్‌లో ఏడెన్ ఫిరంగులు నాలుగు, మారుత్‌లో నాలుగు (నాలుగూ ఒకేసారి పేలిస్తే విమానం ఒళ్లంతా అదిరేది), నాట్‌లో రెండు, అజీత్‌లో రెండు, జాగ్వార్‌లో రెండు. ఫ్రెంచివాళ్ల డెఫా ఫిరంగులు మిస్టేర్‌లో రెండు, మిరాజ్-2000లో రెండు. ఇప్పుడు అపాచీ హెలికాప్టర్ ముక్కు కింద ఎం230 కూడా ఇదే కొలత. అయితే అపాచీవి అల్యూమినియం కేసులు. మీదానికి అయస్కాంతం అంటుతోంది కాబట్టి ఏడెన్ లేదా డెఫా వైపే.

సుఖోయ్-30, మిగ్-29లది 30×165, పళ్లెం 40, మొత్తం తూటా ముంజేయంత ఉంటుంది. దానితో పొరబడే ప్రసక్తి లేదు. సు-7ది 30×155బి, అదీ పెద్దదే.

#13 · అలిపిరి మెట్లు
సుత్తి దెబ్బ లేదంటే పేలనిది అని కదా అర్థం? అంటే లోపల మందు ఉన్నట్టేనా?

#14 · వెర్నియర్ స్వామి
ఇక్కడే చాలామంది రెండు వైపులా తప్పుతారు. ఏడెన్, డెఫా రెండూ కరెంటుతో పేల్చేవి. ప్రైమరు మధ్యలో చిన్న లోహపు బొత్తాం, దాని చుట్టూ కరెంటు ఆపే నల్లటి వలయం. పేలినా దాని మీద సుత్తి గుంట పడదు. కాబట్టి గుంట లేకపోవడం మందు ఉందనడానికీ రుజువు కాదు, లేదనడానికీ కాదు.

నీలం రంగూ అంతే. పశ్చిమ దేశాల పద్ధతిలో నీలం ప్రాక్టీసు, పసుపు పేలుడు, నలుపు కవచం చీల్చేది. కానీ పెయింటు డబ్బా ఎవరైనా కొనొచ్చు. అల్మరాలో అందంగా ఉంటుందని రంగు వేసినవాళ్లు ఉన్నారు, అమ్ముడుపోవాలని వేసినవాళ్లూ ఉన్నారు. కొలత ముందు, లోహం తర్వాత, అడుగు అచ్చులు తర్వాత, రంగు అన్నిటికన్నా చివర.

కేసుకు రంధ్రాలు పొడిచి ఉంటే 'డ్రిల్ పీసు (శిక్షణకు వాడే ఉత్తుత్తి తూటా), క్షేమం' అంటారు. ఆ రంధ్రం చెప్పేది కేసులో మందు లేదని మాత్రమే. గుండులో ఏముందో అది చెప్పదు. తూకం వేసి తేల్చుదామా అంటే అదీ కుదరదు. ప్రాక్టీసు గుండును అసలుదాని బరువుకు సరిపోయేలాగే చేస్తారు, లేకపోతే గురి కుదరదు.

కపిలతీర్థం గారూ, ఫొటోలో రెండే చూసి చెప్పండి. గుండు మొదట్లో, కేసు మూతికి కొంచెం పైన రాగి పట్టీ ఉంటుంది. అది నున్నగా ఉందా, ఏటవాలు గాట్లు ఉన్నాయా? ముక్కు ఒకే ముక్కా, లేక మూత బిగించినట్టు అతుకు ఉందా?

#15 · కపిలతీర్థం
పట్టీ మీద చుట్టూ ఏటవాలుగా గాట్లు ఉండాయి, సమాన దూరంలో. ముక్కు నుంచి రెండు వేళ్ల కింద అతుకు గీత, ఆ పైన ఎదురెదురుగా రెండు చిన్న గుంటలు.

#16 · వెర్నియర్ స్వామి
ఆ గాట్లు గొట్టం లోపలి మెలికలు కోసినవి. అంటే ఆ గుండు ఒకసారి ఫిరంగి నుంచి పేలి బయటికి వెళ్లినది. దాన్ని ఎవరో తెచ్చి ఇంకేదో ఖాళీ కేసు మూతిలో దిగ్గొట్టి 'పూర్తి పీసు' చేశారు. సేకరణగా దీని విలువ అతుకుల బొంత అంత.

విలువ సంగతి పక్కన పెట్టండి. ఆ రెండు గుంటలు ఫ్యూజును (గుండును పేల్చే ముక్కు భాగాన్ని) తిప్పి బిగించే పానా కోసం పెట్టేవి. ప్రాక్టీసు గుండుకూ అలాంటి ఉత్తుత్తి ముక్కు పెడతారు, ఫొటో చూసి తేడా చెప్పే మొనగాడు లేడు. అది అసలు ఫ్యూజే అయితే మూడింట్లోకీ ప్రమాదం దీనికే ఎక్కువ. ఇంకా ఫిరంగి నుంచి పేల్చని తూటాలో ఫ్యూజు తాళం వేసి ఉంటుంది. గొట్టంలో పుట్టే తోపుడు, గిరగిరా తిరుగుడు కలిస్తేనే ఆ తాళం ఊడుతుంది. గాట్లు పడ్డ గుండు ఆ రెండూ చూసేసింది. నేలకు తగిలి పేలకుండా మిగిలిపోయిందంటే తాళం ఊడి, చిన్న తాకిడి కోసం కాచుకుని ఉందనే అనుకోవాలి.

#17 · వేదిక నిర్వాహకుడు
112కి ఫోన్ చేయండి. 'ఫిరంగి గుండు, ఫ్యూజు ఉన్నట్టుంది, ఒకసారి ఫిరంగి నుంచి పేల్చినది, కదిలించలేదు' అని ఈ నాలుగు ముక్కలూ చెప్పండి. బాంబ్ స్క్వాడ్ వాళ్లే వస్తారు. గది తలుపు వేసి, ఇంట్లోవాళ్లను అటు పోనివ్వకండి. సంచిలో వేసుకుని బండి మీద స్టేషన్‌కు తీసుకెళ్లడం, నీళ్ల బకెట్లో పెట్టడం, పెరట్లో పూడ్చడం, ఏదీ చేయొద్దు.

#18 · అలిపిరి మెట్లు
మరి మిగతా రెండు ఖాళీ కేసులు ఇంట్లో ఉంచుకోవచ్చా? చట్టం ఏమంటుంది?

#19 · సెక్షన్ల సుబ్బడు (చిత్తూరు)
1959 ఆయుధాల చట్టం సెక్షన్ 2లో 'అమ్యునిషన్' అంటే తూటా ఒక్కటే కాదు. ఫ్యూజులు, తూటా భాగాలు కూడా అందులోకే వస్తాయి. మనవాళ్లు ఖాళీ కేసును 'షెల్లు' అంటారు, చట్టంలో షెల్లు అంటే పేలే గుండు. అది నిషిద్ధ అమ్యునిషన్ జాబితాలో ఉంది, మామూలు తుపాకీ లైసెన్సు దానికి పనికిరాదు. కాబట్టి ఫిర్యాదులో ఖాళీ ఇత్తడిని 'షెల్లు' అని రాయకండి, 'పేలిన ఖాళీ కేసు' అని రాయండి.

అదే చట్టం సెక్షన్ 45(డి)లో చిన్న వెసులుబాటు ఉంది: మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకు మినహాయింపు. ఒక్క ఖాళీ కేసుకు లాయర్లు పట్టుకునే కొమ్మ అదే. కానీ అది కోర్టులో పనికొచ్చే వాదన, చెక్‌పోస్టులో కాదు. రేణిగుంట విమానాశ్రయంలో స్కానర్ కింద ఖాళీ కేసు కనబడినా ఆపుతారు, అలిపిరిలోనూ సంచులు స్కానింగుకు పోతాయి. కొండకు పోయేటప్పుడు కారు డిక్కీలో మర్చిపోవద్దు. కొన్న రశీదు, ఫొటో, కొలతల కాగితం కేసుతోపాటు ఉంచండి. 1908 పేలుడు పదార్థాల చట్టం దాకా వెళ్లేది గుండులో సరుకు ఉంటేనే. అందుకే మూడోది ముందు వదిలించుకోండి.

#20 · గాలిపటం
చింతపండు ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. వద్దు. పులుపు ఇత్తడిలోని జింకును ముందు తినేస్తుంది, రాగి ఎర్రగా మిగులుతుంది, ఒకసారి ఎర్రబారితే వెనక్కి రాదు. పీతాంబరి పొడితో పూజ చెంబు తోమినట్టు తోమితే అరిగిన అక్షరాలు పూర్తిగా పోతాయి. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్, వెంటనే ఆరబెట్టడం, అంతే. అక్షరాలు చదవాలంటే గది చీకటి చేసి ఫోన్ టార్చి పక్క నుంచి, బల్లకు సమాంతరంగా కొట్టండి. లేదా పల్చటి కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్‌తో రుద్దండి.

అమ్మోనియా ఉన్న పాలిష్ అసలే వద్దు. దీని కథ మన దేశంలోదే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపు సాలల్లో దాచేది. వానలు ముగిశాక చూస్తే ఇత్తడి కేసులు వాటంతటవే చిట్లిపోయి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి లేచిన అమ్మోనియా, కేసును సాగదీసినప్పుడు లోపల మిగిలిన బిగువు, రెండూ కలిసి చేసిన పని. 1921కి గానీ కారణం తేలలేదు. కాల్చి బిగువు వదిలిస్తే ఆగిపోయింది. మీ కేసు మూతి దగ్గర సన్నటి నిలువు చీలికలు ఉంటే అదే రోగం, చేత్తో నొక్కకండి.

#21 · గుర్రంకొండ గుండు
ఒక్క మాట అన్నా. సుఖోయ్‌ది 30×165 అన్నారు. మెదక్‌లో తయారయ్యే బీఎంపీ-2 కవచ వాహనందీ 30×165యే అంటారే?

#22 · రేణిగుంట లూప్‌లైన్
అవును, కేసు ఒకటే. అడుగు చూడు. సుఖోయ్, మిగ్-29 ఫిరంగిది కరెంటు ప్రైమరు, బీఎంపీది సుత్తి ప్రైమరు. గుంట పడ్డ 165 కేసును 'సుఖోయ్‌ది' అని ఎవరైనా అమ్మితే దండం పెట్టి వచ్చేయ్.

#23 · కపిలతీర్థం
112కి చేసినా. వస్తామన్నారు. గదికి తాళం పెట్టినా. మిగతా రెండింటికీ చీటీ ఏమని రాయాల?

#24 · వెర్నియర్ స్వామి
ఒకటి: '20×110 ఆర్‌బి, ఓర్లికాన్ ఎస్, ఓడ / నేల ఫిరంగి, ఇత్తడి, పళ్లెం 22, ఒళ్లు 24.9, అచ్చులు అస్పష్టం.' రెండు: '23×115, ఎన్ఆర్-23 / జీఎస్‌హెచ్-23 కుటుంబం, లక్క పూసిన ఉక్కు, సిరా అచ్చుల ఫొటో జతపరచడమైనది.' విమానం పేరు రెండింటి మీదా రాయకండి. పెన్సిల్‌తో రాయండి, రేపు అడుగు అక్షరాలు తేలితే దిద్దుకోవచ్చు.